చప్పుడొక చోట, దోషమొక చోట

లోకమున దోషము లేని యంత్రము లేదు. దోషము లేని మనుజుడును లేడు. కావున దోషముండుటలో వింత యేమియు లేదు. దానిని వెదకెడి విధమునందే మనుజుని వివేకమును, న్యాయబుద్ధియు బయటపడును. ఇంటిలో కలహము పుట్టినపుడును, తరగతిలో అల్లరి రేగినపుడును, సంఘములో అసంతృప్తి వినవచ్చినపుడును పెద్దల నోట మొదట వెలువడు ప్రశ్న "ఎవరు?" అనునది. "ఎప్పుడు? ఏ బరువు మీద పడినపుడు? ఎంతకాలముగా?" అను ప్రశ్నలు పిదప వచ్చును, పెక్కు పర్యాయములు అవి రానే రావు. చప్పుడు వినబడిన చోటనే తప్పున్నదని తలచుట సహజము. అది సత్యమా? చప్పుడు అణగినంతనే తప్పు తొలగినట్లేనా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటకు పెద్ద శాస్త్రములు అక్కరలేదు. వసారాలో గోడకు చేరవేసిన సైకిలు చాలును.

మలేసియా దేశపు రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను తరతరములుగా బ్రతికిన తెలుగు కుటుంబములకు సైకిలును గురించి వేరుగ చెప్పనక్కరలేదు. రబ్బరు చెట్టు చల్లని వేళ పాలు బాగుగ కార్చును గనుక తెల్లవారకముందే గీతపని మొదలు పెట్టవలెను. చీకటిలో లయిను ఇండ్లనుండి చెట్ల వరుసల వద్దకు పోవుటకును, పాల డబ్బాలను కట్టి తూకపు చోటికి చేర్చుటకును, పిల్లలను బడివద్ద దింపుటకును, జ్వరము వచ్చినవారిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును ఆ రెండు చక్రములే అనేకులకు ఆధారము. 28 అంగుళముల చక్రములు, ఉక్కు గొట్టముల ఫ్రేము, కడ్డీ బ్రేకులు, తోలు సీటు గల ఆ నల్లని సైకిలు తండ్రినుండి కుమారునికి సంక్రమించెడి ఆస్తి. 1960 తరువాత రబ్బరు తోటలు అనేకము క్రమముగా పామాయిలు తోటలుగా మారెను. లయిన్లు ఖాళీ అయ్యెను. మోటారు సైకిళ్ళు వచ్చెను. అయినను కొన్ని ఇండ్లలో ఆ పాత సైకిలు నేటికిని నిలిచియున్నది. మనుమలు ఆదివారములందు అల్యూమినియము సైకిళ్ళపైనను, కార్బను సైకిళ్ళపైనను తిరుగుచున్నారు. యంత్రము మారినది. దారి మధ్యలో హఠాత్తుగా వినవచ్చి, ఎక్కినవానిని కలవరపెట్టు తెలియని చప్పుడు మాత్రము మారలేదు.

చప్పుడు వినబడగనే పానా చేతబట్టుట అవివేకము. మొదట వినవలెను, విన్నదానికి పేరు పెట్టవలెను. ఈ పనికి తెలుగు భాష మిగుల అనుకూలమైనది. కిర్రు, టక్కు, గరగర, లొడలొడ, కీచు — ఈ మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యాధి లక్షణమును తెలుపును. కిర్రుమన్నచో బిగుతుగ నుండవలసిన రెండు భాగములు బరువు క్రింద ఒకదానిపై నొకటి వెంట్రుకవాసి జరుగుచున్నవి. టక్కుమన్నచో ఎక్కడనో సందు ఏర్పడినది. బలము దిశ మారినపుడెల్ల ఆ సందు మూసికొనుచున్నది. గరగరలాడునది గ్రీజు ఎండి గుండ్లు గరుకెక్కిన బేరింగు. లొడలొడలాడునది మడ్‌గార్డో, దీపమో, చైను మీది రేకో కావచ్చును. కీచుమనునది రిమ్ముపై అదరుచున్న బ్రేకు దిమ్మ. "సైకిలు చెడినది" అని చెప్పువానికంటె "ఎత్తు ఎక్కునపుడు కుడి కాలు క్రిందికి పోవువేళ టక్కుమనుచున్నది" అని చెప్పువాడు సగము వైద్యము చేసినట్లే. మనుష్యుల విషయమునను ఇంతియే. "వాడు చెడ్డవాడు" అనునది తీర్పు. "వాడు మూడు దినములుగా మధ్యాహ్న భోజనము మానుచున్నాడు" అనునది పరిశీలన. తీర్పు నుండి ముందుకు పోవుటకు దారి లేదు. పరిశీలన నుండి కలదు.

పేరు పెట్టిన తరువాత చోటు తెలిసికొనవలెను. ఇక్కడనే చెవి మోసపోవును. చప్పుడు ఎడమనుండి వచ్చినదా, కుడినుండి వచ్చినదా అనునది మనుష్యుడు ముఖ్యముగా రెండు చెవులకు అది చేరుటలోని భేదముచే గ్రహించును. దగ్గరి చెవికి కొంచెము ముందుగను, బిగ్గరగను చేరును. రెండవ చెవికి కొంచెము ఆలస్యముగను, మెల్లగను చేరును. ఆ ఆలస్యము ఎంత ఎక్కువైనను సెకనులో వేయవ వంతునకు లోపలనే. అయితే హ్యాండిలు కుదురు, సీటు, పెడళ్ళ ఇరుసు, రెండు చక్రములు ఇవన్నియు సైకిలు నెక్కినవాని ముక్కునకు సూటిగా ఒకే వరుసలో నున్నవి. వానిలో ఎక్కడ చప్పుడు పుట్టినను రెండు చెవులకు ఇంచుమించు సమానముగనే చేరును. పైగా శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవగా, ఉక్కు కడ్డీలో 5,000 మీటర్లకు పైగా పోవును. బోలు గొట్టముల ఫ్రేము తంబురా బుర్రవలె ఆ ధ్వని నందుకొని అంతటను మ్రోగించును. అందుచేత సీటు క్రింది బోల్టు కిర్రుమన్నను పెడళ్ళ ఇరుసు మూలిగినట్లు తోచును. ముందు భాగపు చప్పుడు వెనుక చక్రమునకు అంటగట్టబడును. తీర్పు చెప్పువాడు వినుటకు మిక్కిలి అననుకూలమైన చోటనే కూర్చుండియున్నాడు. అయినను చెవులార వింటినని ప్రమాణము చేయును. ఇట్టి సమయమున ప్రక్కన మరియొక సైకిలుపై వచ్చు మిత్రుని చెవికి విలువ హెచ్చు. అతడు బయటినుండి వినుచున్నాడు. ముందు వెనుకలను తేటగ గుర్తింపగలడు. ఇంటి కలహమునకు ప్రక్కింటి పెద్దను పిలుచు పాత ఆచారములో ఈ వివేకమే కలదు.

చెవి చాలనపుడు బుద్ధి పనిచేయవలెను. అనుభవము గలవాడు పానా ముట్టకముందే నాలుగు పరీక్షలు చేయును. మొదట త్రొక్కుట మాని సైకిలును దానంతట పోనిచ్చును. చప్పుడు ఆగినచో దోషము పెడళ్ళు, క్రాంకులు, చైను అనువానిలో నుండవచ్చును. ఆగకున్నచో చక్రముల వైపును, మడ్‌గార్డుల వైపును చూడవలెను. రెండవది, సీటునుండి లేచి నిలుచుండి త్రొక్కును. అప్పుడు ఆగినచో సీటునో, దాని గొట్టమునో అనుమానింపవలెను. మూడవది, ఒక కాలితో కొంత దూరమును, రెండవ కాలితో కొంత దూరమును త్రొక్కి చూచును. నాలుగవది, సైకిలును నిలిపి, ముందు బ్రేకు పట్టి, ముందుకు వెనుకకు ఊపును. హ్యాండిలు కుదురులో సందున్నచో అది చేతికే తగులును.

ఆ పైని లెక్కింపవలెను. ముందు పళ్ళ చక్రమునకు 48 పళ్ళు, వెనుకదానికి 18 పళ్ళు గల సైకిలులో పెడళ్ళు 3 చుట్లు తిరుగునంతలో వెనుక చక్రము 8 చుట్లు తిరిగి, సుమారు 18 మీటర్లు ముందుకు నడచును. 112 లంకెల చైను 3 పర్యాయములు పూర్తిగ తిరిగివచ్చుటకు పెడళ్ళు 7 చుట్లు తిరుగవలెను. కావున పెడలు చుట్టునకు ఒకసారి వచ్చు చప్పుడు క్రాంకు వైపునకు వ్రేలు చూపును. అంతకంటె త్వరత్వరగ, వేగమును బట్టి వచ్చునది చక్రము వైపునకు చూపును. రెండు చుట్లు దాటి మూడవ చుట్టులో ఎక్కడనో ఒకసారి వచ్చునది చైనులో బిగిసిపోయిన ఒక్క లంకెను చూపును. బడికి పోవు బాలుడైనను చేయగల లెక్క ఇది. కాని దీనికి మాటలాడక వినెడి అర గంట కావలెను. కోపముతో నున్నవానికి ఆ అర గంట దొరకదు.

భారతీయ తర్కశాస్త్రమున ఈ పద్ధతికి అన్వయ వ్యతిరేకములని పేరు. ఒకటి ఉన్నపుడు రెండవది ఉండుట అన్వయము. అది లేనపుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును చదువు విద్యార్థులు పొగ, నిప్పు అను ఉదాహరణముతో దీనిని నేర్చుకొందురు. సీటుపై కూర్చున్నపుడెల్ల కిర్రుమనుట అన్వయము. లేచినపుడెల్ల ఆగుట వ్యతిరేకము. రెండును మరల మరల కుదిరిననే నిశ్చయము. ఒక్క పర్యాయము కుదిరినంతనే నిశ్చయించినచో అది కాకతాళీయమగును. తాటిచెట్టుపై కాకి వ్రాలెను, అదే క్షణమున పండు రాలెను. కాకి బరువునకే పండు రాలినదని చూచినవాడు ఊరంతయు చెప్పెను. వానకు తడిసిన సైకిలు ఎండకు ఆరినంతనే చప్పుడు మానవచ్చును. ఆ ఉదయమే బెల్లు మార్చినవాడు బెల్లే కారణమని జీవితాంతము వాదించును.

అందుచేత ఒక్క పర్యాయమున ఒక్కటే మార్చి, నడిపి చూడవలెను. అయిదు నట్లను ఒక్కసారిగ బిగించిన యెడల చప్పుడు పోవచ్చును గాని జ్ఞానము రాదు. చప్పుడు తిరిగి వచ్చిననాడు తిరిగి అయిదింటిని బిగింపవలసినదే. వానిలో నాలుగు నిర్దోషులు. అనవసరముగ బిగింపబడిన బేరింగు అరుగును; అనవసరముగ త్రిప్పబడిన మర నశించును. నిర్దోషిని శిక్షించుటవలన క్రొత్త దోషము పుట్టునని యంత్రమే చెప్పుచున్నది.

ఇట్టి నిర్దోషులలో మొదట నింద మోయునది క్రొత్తగ వచ్చినది. చైను విషయము చూడుడు. సైకిలు చైనులో ఒక్కొక్క లంకె పొడవు అర అంగుళము. 24 లంకెలు సరిగ 12 అంగుళములుండవలెను. వాడుకలో లోపలి పిన్నులు అరిగి చైను సాగినట్లగును. ఆ 24 లంకెల కొలత 12 అంగుళములకు పైన ఇంకొక అంగుళములో ఎనిమిదవ వంతు వచ్చువరకు ఎవరును పట్టించుకొనకున్నచో, వెనుక చక్రపు పళ్ళు కూడ సాగిన కొలతకే అరిగి కొక్కెములవలె తయారగును. అప్పుడు పాత చైనును తీసి క్రొత్తది వేసినంతనే చప్పుడు మొదలగును. బరువు పడినపుడు చైను పళ్ళపైనుండి జారును. "పాతదే మేలు, ఈ క్రొత్తది పనికిరానిది" అని ఇల్లంతయు అనును. నిజమునకు క్రొత్త చైను కొలత సరియైనది. తప్పిన కొలతకు అలవాటుపడినవి పాత పళ్ళు. అత్తవారింట కాలుపెట్టిన కోడలు, పాఠశాలకు వచ్చిన క్రొత్త ఉపాధ్యాయుడు, సంఘమునకు ఎన్నికైన క్రొత్త కార్యదర్శి — వీరు వచ్చిన నాటినుండి చప్పుడు మొదలైనదన్న మాట సత్యమే కావచ్చును. చప్పుడునకు వారే కారణమన్న మాట అందుండి తేలదు.

ఈ పొరపాటు వెల ఎంతయో తెలిసికొనుటకు ఒక ఉదాహరణమును ఊహింపవచ్చును. తోటలో పనిచేయు ఒక తండ్రి. ఆదివారమునాడు పండ్రెండేండ్ల కుమారుడు తండ్రి సైకిలును అడుగకయే తీసికొని పట్టణము వరకు పోయి వచ్చును. సోమవారము చీకటిలో తండ్రి బయలుదేరగనే కుడి పెడలు వద్ద టక్కు, టక్కు. ఆదివారమునకు ముందు లేదు. ఆదివారము తరువాత కలదు. మధ్య సైకిలును ముట్టినవాడు ఒక్కడే. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఆ మధ్యాహ్నము తూకము వద్ద పాలు తక్కువని కంగాణి పదిమందిలో నాలుగు మాటలు అనును. సాయంత్రము బాలుని చెంప వాచును. "పడవేసితివా?" అను ప్రశ్నకు "లేదు" అను సమాధానము అబద్ధముగ లెక్కింపబడును. ఆ దెబ్బలో సగము బాలునికి చెందినది కాదు. తూకము వద్ద పుట్టి, లయిను ఇంటిలో మ్రోగినది. అత్త మీది కోపము దుత్త మీద చూపుట అనగా ఇదియే.

తండ్రి సీటు బోల్టు బిగించును, చైనుకు నూనె పోయును, చప్పుడు మానదు. మూడవ వారమున మెకానిక్కు క్రాంకును ఇరుసునకు పట్టియుంచు కాటరు పిన్నును ఊడదీసి అరచేతిలో పెట్టి చూపును. చదునుగ నుండవలసిన ముఖము మెట్టువలె నలిగియున్నది. ఒక్క ఆదివారమున నలిగినది కాదది. పాల డబ్బాల బరువుతో ఏండ్ల తరబడి ఎత్తులెక్కిన ఫలము. ఆదివారము అది బయటపడిన దినము మాత్రమే. క్రొత్త పిన్ను వెల స్వల్పము. క్రాంకు క్రింద దిమ్మ పెట్టి, పిన్నును సుత్తితో గట్టిగ దించి, పిదప నట్టు బిగించుట కొద్దిసేపటి పని. చెంపదెబ్బను వెనుకకు తీసికొనుటకు మాత్రము ఏ పానాయు పనికిరాదు. "నీవు చెప్పినదే నిజము" అని తండ్రి నోరు తెరచి చెప్పని యెడల బాలుడు నేర్చుకొను పాఠము ఒక్కటే: నిజము చెప్పుటవలన ప్రయోజనము లేదు. ఆ పాఠము కాటరు పిన్నుకంటె లోతుగ దిగును. దానిని ఊడదీయగల మెకానిక్కు దొరకడు.

సైకిలులో ఏ దోషమును కనబడనపుడు ఎక్కినవానిని పరీక్షింపవలెను. జేబులోని తాళపుచెవుల గుత్తి అడుగడుగునకు గలగలలాడును. ఫ్రేమునకు తగిలించిన గాలి పంపు వదులై కొట్టుకొనును. బూటు దారపు కొసనున్న గట్టి తొడుగు ప్రతి చుట్టునకు క్రాంకును తాకి టిక్కుమనును. చుట్టునకు ఒకసారి వచ్చును గనుక అచ్చముగ క్రాంకు దోషమువలెనే ఉండును. ఇరుసు విప్పించి, గుండ్లు మార్పించి, డబ్బు వ్యయము చేసిన తరువాత బూటు దారమును కనుగొన్నవారు లోకమున లేకపోలేదు. ఆడలేక మద్దెల ఓడనువారి కథ ఇట్టిదే. తన్ను తాను పరీక్షించుకొనుటకు పైకము అక్కరలేదు. అయినను అది అన్ని పరీక్షల తరువాతనే జరుగుచుండుట విచిత్రము.

మరియొక విశేషము కలదు. మెకానిక్కు సైకిలును స్టాండుపై ఎక్కించి, పెడలును చేతితో త్రిప్పి, "అంతయు బాగుగనే ఉన్నది" అనును. అతడు అబద్ధమాడుట లేదు. స్టాండుపై చప్పుడు నిజముగనే రాదు. మనుష్యుని బరువు పడినపుడు, ఎత్తు ఎదురైనపుడు మాత్రమే అది పలుకును. బరువు లేని చోట చేసిన పరీక్ష బరువున్న చోటి సత్యమును చెప్పజాలదు. తరగతిలో వెనుక బల్లనుండి వచ్చు అల్లరిని ఈ దృష్టితో చూడవలెను. ఆటస్థలమున నెమ్మదిగ నుండు బాలుడు నల్లబల్లపై వ్రాత మొదలు కాగనే ప్రక్కవానిని గిల్లును. కొన్ని పర్యాయములు ఆ అల్లరి అక్షరములు స్పష్టముగ కనబడని కన్నులనుండి పుట్టినది. దానికి మందు కళ్ళజోడు. బెత్తము ఉపయోగించినచో అల్లరి ఆగవచ్చును, చూపు రాదు.

అందుండి రెండవ ప్రశ్న వచ్చుచున్నది. చప్పుడు మానినంతనే దోషము మానినట్లేనా? కిర్రుమను చోట నూనె పోయుట సర్వసాధారణము. వంటింటి నూనెయే చాలునని కొందరందురు. అది కొంతకాలమునకు జిగటగ మారి, దుమ్ము పట్టి, లోపలి భాగములను మరింత అరగదీయును. యంత్రపు నూనెయైనను తగిన చోట పోసిననే మేలు. క్రాంకునందో, ముందు ఫోర్కునందో సన్నని పగులు పుట్టి కిర్రుమనుచున్నచో, ఆ పగులులోనికి నూనె దిగి చప్పుడు కొన్నాళ్ళు అణగవచ్చును. పగులు మాత్రము దినదినము పెరుగుచుండును. ఒకనాడు దిగుడు దారిలో అది పుటుక్కున విరుగును. ఉక్కు తనకు చేతనైన భాషలో ముందుగ హెచ్చరించినది. ఎక్కినవాడు దాని నోరు మూయించెను.

నిశ్శబ్దమే ఆరోగ్యమను నమ్మకము మరియొక విధమునను పొరపాటు. త్రొక్కుట మానినపుడు ఫ్రీవీలు టిక్కు టిక్కుమనుట దాని ఆరోగ్య లక్షణము. లోపలి నాలుకలు పళ్ళపై ఎగిరిపడుచున్నవని దాని అర్థము. మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ హబ్బు రెండవ గేరులోను, మూడవ గేరులోను టిక్కుమనుట సహజమే. పాత గ్రీజు గట్టిపడి ఆ నాలుకలు అంటుకొనిపోయినపుడు ఫ్రీవీలు మౌనము వహించును. అజ్ఞాని సంతోషించును. మరునాడు త్రోవ దాటునపుడు బలముగ త్రొక్కగనే పట్టు దొరకక పెడలు శూన్యములో తిరిగిపోవును. నిండు కుండ తొణకదను సామెత సత్యమే. అయితే తొణకని కుండలన్నియు నిండు కుండలు కావు; ఖాళీ కుండయు తొణకదు. ఎవరును ఏమియు అడుగని సభ, ఎవరును ఎదురు చెప్పని ఇల్లు, ఈ రెండింటిలో ఏ కుండవంటివో ఆ పెద్దలు విచారించుకొనవలెను.

దోషము కొన్ని పర్యాయములు వాడినవానిది గాక నిర్మాణమునది కావచ్చును. ఇటీవలి కార్బను సైకిళ్ళలో అనేకమునకు పెడళ్ళ ఇరుసు బేరింగులను మరలు లేకుండ ఫ్రేములోనికి అదిమి అమర్చిరి. రంధ్రపు కొలత రవంత తప్పినను అవి కిర్రుమనును. కొన్నవారు మరల మరల గ్రీజు పెట్టిరి. బిగింపు చాలలేదని మెకానిక్కులను నిందించిరి. తుదకు తయారీదారులలో కొందరు మరలతో బిగించు పాత పద్ధతికే తిరిగి వచ్చిరి. తరములు మారినను ఒకే చోట చప్పుడు వచ్చుచున్నచో, అక్కడ కూర్చున్న మనుష్యుని మార్చుటవలన ఫలము లేదు, ఏర్పాటునే పరిశీలింపవలెను.

ఇంత విచారణ పనివానికి సాధ్యమా అని ఆక్షేపింపవచ్చును. చీకటితో లేచి చెట్ల వద్దకు పోవలసినవానికి అన్వయ వ్యతిరేకములు చూచుకొను తీరిక ఎక్కడిది? ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానము క్రమము. మొదట ప్రాణమునకు సంబంధించిన వానిని చూడవలెను: ఫోర్కు, హ్యాండిలు, బ్రేకులు, చక్రముల నట్లు, క్రాంకులు. వీనిలో అనుమానమున్నచో ఆ దినము ఎక్కరాదు. నడచిపోయినచో కూలి కొంత తగ్గవచ్చును. పండ్లు రాలిన పిదప ఆ కూలి చాలదు. తరువాత వెల లేని వానిని చూడవలెను: జేబు, బూటు దారము, పంపు, మడ్‌గార్డు నట్టు. ఆ పిదప ఒక చుక్క నూనె, దాని తరువాత గ్రీజు, చివరకు క్రొత్త భాగము. క్రొత్త భాగముతో మొదలుపెట్టువాడు ధనమును, కోపముతో మొదలుపెట్టువాడు మనుష్యులను పోగొట్టుకొందురు.

ప్రతి చప్పుడును వెంటాడవలెనా అనునది మరియొక ఆక్షేపణ. అక్కరలేదు. ముప్పది ఏండ్ల సైకిలు కొంత పలుకకుండ నడువదు. మూడు ప్రశ్నలు అడుగవలెను: ఈ చప్పుడు క్రొత్తగ పుట్టినదా? దినదినము పెరుగుచున్నదా? బరువు పడినపుడు మారుచున్నదా? మూడింటికిని కాదన్నదే సమాధానమైనచో దానిని ఓర్చుకొనవచ్చును. ఇంటిలో ముప్పది ఏండ్లుగ ఒకే తీరున సణుగు పెద్దమ్మవలన ఎవరికిని ప్రమాదము లేదు. ఎన్నడును సణుగని పెద్దమ్మ ఒకనాడు మాటలేక కంచమును ప్రక్కకు నెట్టినచో, దానిని అందరును వినవలెను.

కీలెరిగి వాత పెట్టవలెనని పూర్వులు చెప్పిరి. వాత పెట్టుటకు చేతులు ఎల్లప్పుడు సిద్ధముగనే ఉండును. కీలెరుగుటకు ఓర్పు కావలెను. వినబడిన చోటును వెంటనే నమ్మకుండుట, ఒక్కటొక్కటిగ పరీక్షించుట, తన్ను తాను ముందుగ చూచుకొనుట, నోరు మూయించి బాగుచేసితినని తృప్తిపడకుండుట — సైకిలు నేర్పు ధర్మము ఇంతియే. దోషము దొరికిన తరువాత చేయవలసినది ఇంకొకటి మిగిలియుండును. మొదట అనుమానింపబడిన నిర్దోషి వద్దకు పోయి, పదిమంది యెదుట నింద మోపినచో పదిమంది యెదుటనే, "తప్పు నీది కాదు" అని చెప్పవలెను. నట్టు బిగించుటతో యంత్రము బాగుపడును. ఈ మాట చెప్పిననే ఇల్లు బాగుపడును. అట్లు వినెడి చెవియు, అట్లు చెప్పెడి నోరును ఇంటింట నుండుగాక.